రేష్మె ఇంట్లో కరెంటు లేని రోజులు

శశికళ పుట్టి పెరిగింది కేజీఎఫ్‌లో, గని కూలీల లైన్ ఇళ్ళలో. వాళ్ళ నాయన గనిలోకి మనుషుల్ని దించే ఇంజను దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం పూట ఇంట్లో బల్బు ఒకసారి మినుక్కుమంటే చాలు, వాళ్ళమ్మ పొయ్యి ముందర గరిటె ఎత్తినదాన్ని ఎత్తినట్టే పట్టుకుని నిలబడిపోయేది. "కింద మనుషులుండారు" అనేది, ఎవరితోనో కాదు, గోడతో అన్నట్టు. బల్బు నిలకడగా వెలిగాకే ఆ గరిటె మళ్ళీ చారులోకి దిగేది. అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని పక్కన నిలబడిన శశికళకి ఆ కాసేపూ ఊపిరి తీసుకోవడం తప్పేమో అనిపించేది.

గని మూతపడింది. నాయన ఇంజను దగ్గరికి పోవడం మానేసి ఇంటి ముందర కూర్చున్నాడు. అప్పుడే శశికళని శ్రీనివాసపురం తాలూకాలో, రాయల్పాడు దగ్గరి ఒక పల్లెకి ఇచ్చినారు. మొగుడు నాగేంద్రప్ప. ఇంటికి మామిడి తోట, రెండు ఆవులు, బోరు కింద మల్బరీ. పట్టుపురుగులు మేపే ఇల్లు. ఆ పక్క పట్టుని రేష్మె అంటారు, కన్నడంలోనూ తెలుగులోనూ అదే మాట.

ఆ ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. పోయిందని చెప్పుకోవడం కూడా ఉండేది కాదు. కొత్త కోడలు మాత్రం దీపం ఆరిన ప్రతిసారీ చేస్తున్న పని ఆపి నిలబడేది. రాగి పిండి అంటిన చేతులు గాల్లో అట్లే ఉండేవి. అత్త మునిలక్ష్మమ్మ చీకట్లోనే ముద్ద కెలుకుతూ నవ్వేది.

"ఏమ్మే, కరెంటు పోతే నీ చేతులు కూడా పోతాయా?"

 కింద ఎవరూ లేరని శశికళకి తెలుసు. అయినా ఉన్నట్టే ఉండేది.

ఏళ్ళు గడిచినాయి. కిరసనాయిలు బుడ్డి పోయి చార్జింగు లైటు వచ్చింది. కూతురు నయన మాలూరులో ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరి, ఇంటికి ఇన్వర్టరు, దానికో పెద్ద బ్యాటరీ తెప్పించింది. నయన పసిబిడ్డగా ఉన్నప్పుడే పురుగుల్ని ఇంట్లోంచి తీసి, పెరట్లో రేకుల షెడ్డు కట్టి అందులో మేపడం మొదలుపెట్టినారు. షెడ్డులో వరసగా ఫ్యాన్లు. మంచులాగా నీళ్ళు చిమ్మే మిషను. ఎండాకాలంలో అవన్నీ తిరుగుతుంటే షెడ్డులోకి పోయినవాడికి ఏదో పెద్ద లారీ లోపల నిలబడినట్టుండేది. మాట వినపడాలంటే అరవాల్సిందే. కరెంటు గంటో గంటన్నరో పోతే పురుగులు తట్టుకునేవి. అందుకని షెడ్డుకి ఇన్వర్టరు కావాలని ఎవరికీ తోచలేదు.

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం ఆకాశం మాగిన నేరేడు పండు రంగుకి తిరిగింది. పురుగులు నాలుగో జ్వరం దాటి లేచినాయి. చర్మం విడిచేముందు పురుగు తినకుండా తలెత్తుకుని మగతగా ఉంటుంది, దాన్నే జ్వరం అంటారు. నాలుగోది దాటినాక ఇంగ వాటి ఆకలికి అంతుండదు. శశికళ, నాగేంద్రప్ప మల్బరీ మోపులు మోస్తుండగా గాలి వచ్చింది. తోటలో మామిడికాయలు దబదబ రాలినాయి. తర్వాత వాన, పక్కకి పక్కకి కొట్టే వాన. షెడ్డులో ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించి, ఆగిపోయినాయి.

శశికళ మోపు పట్టుకునే నిలబడిపోయింది.

వాన వెలిసినాక లైన్‌మ్యాన్ బండి మీద వచ్చి, బురద కాళ్ళతో గడపలో నిలబడే చెప్పినాడు. "చెరువు కట్ట పొడుగునా కరెంటు కంబాలు పడిపోయినాయక్కా. ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలింది. నన్ను మాత్రం ఎప్పుడని అడగొద్దండి."

మర్నాడు ఎండ కాసింది. వాన తడికి ఎండ తోడై రేకుల కింద ఉక్క పట్టింది. పురుగులకి ఉక్క అంటే పడదు. షెడ్డు పడమటి మూల కొన్ని ఆకు వదిలేసి వాడిపోయి పడున్నాయి. నాగేంద్రప్ప ఇంట్లోని ఇన్వర్టరునీ బ్యాటరీనీ విప్పి, పక్కింటి సీనప్పని పిలిచి, ఇద్దరూ వాటిని మోసుకొచ్చి షెడ్డుకి తగిలించినారు. ఫ్యాన్లు తిరిగినాయి. శశికళకి ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం కాకముందే ఇన్వర్టరు కుయ్ కుయ్‌మని మొత్తుకుని చల్లబడింది.

సీనప్పకి షామియానా, మైకుసెట్టు వ్యాపారం. పెండ్లిళ్ళకి తీసుకుపోయే జనరేటరు ఉంది.

"చెల్లెమ్మా, మా జనరేటరు ఊరికేనే ఉండాది. తెచ్చి పెడతాను, ఉండు" అన్నాడు. ట్రాక్టరు మీద తెచ్చి షెడ్డు గోడ పక్కనే దింపి, తాడు లాగినాడు. అది దడదడమంటూ నల్లగా దగ్గింది. గాలి ఇటే ఉంది. పొగ కిటికీ జాలీలోంచి సన్నగా లోపలికి పాకింది. ఆకు మీద పురుగులు తినడం ఆపి, ఒక్కసారిగా తలలెత్తినాయి. అంతంత చిన్న తలలు, వేలకు వేలు, ఏదో వింటున్నట్టు.

శశికళ బయటికి పరుగెత్తుకొచ్చింది. "ఆపన్నా, ఆపు! పొగ వాటికి విషం!"

సీనప్ప నాలుక కరుచుకుని ఆపేసినాడు. తర్వాత పెండ్లి పందిళ్ళకి కట్టే దీపాల వైర్లన్నీ తెచ్చి, ఒకదానికొకటి అతికించి, జనరేటరుని గాలివాటం చూసి మల్బరీ తోట అవతలి గట్టుకి తీసుకుపోయినాడు. వైరుకి రంగు రంగు బల్బులు అట్లే వేలాడుతుండినాయి. జనరేటరు అక్కడెక్కడో గొణుగుతుంటే, తోట మధ్యలో ఆకుల మీద పట్టపగలు ఎర్రవి, పచ్చవి, నీలివి చిన్న దీపాలు వెలిగినాయి. మునిలక్ష్మమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని, "మల్బరీకి పెండ్లి చేస్తాండారా ఏంరా!" అని నవ్వింది.

ఆ పూట గడిచింది. మరుసటి రోజు పొద్దున్నే సీనప్ప తల గోక్కుంటూ వచ్చినాడు.

"ఏం చేసేది చెల్లెమ్మా, శ్రీనివాసపురంలో పెండ్లి ఒప్పుకున్నాను. ఆడ కూడా కరెంటు లేదంట. పెండ్లికూతుర్ని చీకట్లో కూర్చోబెడితే బాగుంటాదా?"

"తీసుకపో అన్నా. నువ్వు ఇంతమాత్రం చేసిందే ఎక్కువ" అనింది శశికళ.

వైర్లు చుట్టుకుని సీనప్ప వెళ్ళిపోయినాక శశికళ షెడ్డు గడప మీద కూలబడింది. నాగేంద్రప్ప కృషి హొండలోంచి, అంటే తోటలో తవ్విన నీళ్ళ గుంటలోంచి, బిందెలతో నీళ్ళు తెచ్చి గోనెపట్టాలు తడిపి కిటికీలకి వేలాడేస్తున్నాడు. అవి చూస్తుండగానే ఆరిపోతున్నాయి. రేకులు కాగిన పెనంలా ఉన్నాయి.

మునిలక్ష్మమ్మ వచ్చి కోడలి పక్కనే కూర్చుంది. "మన ఇల్లు చల్లగా ఉండాది కదమ్మే" అనింది.

"ఉంటే?"

"మా కాలంలో పురుగులు యాడ మేపింది మేము? ఇంట్లోనే కదా. అవి నడింట్లో, మనం వరండాలో."

మట్టి గోడలు, నాటు పెంకుల పాత ఇల్లు అది. శశికళ అత్త ముఖం చూసింది, తర్వాత ఇంటి వైపు చూసింది. లేచి, నడింట్లో మంచాలు బయటికి ఈడ్చడం మొదలుపెట్టింది.

ఆ పగలంతా ముగ్గురూ పురుగుల్ని మోసినారు. కొమ్మలతో సహా ఎత్తి తట్టల్లో పెట్టుకుని, పసిబిడ్డల్ని తెచ్చినట్టు మెల్లగా తెచ్చినారు. నేల మీద కాయితాలు పరిచి వాటి మీద, లోపలే వదిలేసిన నయన మంచం మీద, టీవీ బల్ల మీద, దేవుడి గూటి ముందర కాళ్ళు పెట్టేందుకు చోటు వదిలి మిగతా అంతటా. షెడ్డులో మిగిలిన వాటికి చోటు ఎడమైంది, గాలి ఆడింది. బియ్యం, బట్టలు, పొయ్యి వరండాలోకి వచ్చినాయి. సాయంత్రానికి ఆ ఇంట్లో మనుషులు చుట్టాలైనారు.

అందరికీ ఆకు వేసి, చేతులు కడుక్కుని వరండాలో కూర్చున్నాక శశికళ చాలా ఏళ్ళకి మళ్ళీ విన్నది. లోపల వాన పడుతోంది.

సన్నని వాన. పెంకుల మీద కాదు, ఎక్కడో చాలా దూరంలో అడవి మీద పడుతున్నట్టు. వేల నోళ్ళు ఒకేసారి ఆకు కొరుకుతున్న చప్పుడు. షెడ్డు కట్టినప్పటి నుంచీ ఆమె ఫ్యాన్ల హోరులోనే పురుగుల్ని మేపింది. ఆ హోరు కింద ఇంత వాన ఉందని ఆమెకి గుర్తే లేదు.

మునిలక్ష్మమ్మ స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. "మీ మామ ఈ చప్పుడు లేకపోతే నిద్రపోయేటోడు కాదు" అనింది. "పురుగులు అయిపోయినాక వారం దినాలు అట్లా ఇట్లా దొర్లేటోడు."

శశికళ నవ్వింది. పొద్దు వాలి చీకటి పడింది. ఎవరూ దీపం పెట్టాలనుకోలేదు. కాసేపటికి చూసుకుంటే ఆమె చేతులు ఒళ్ళో ఊరికే పడున్నాయి, వదులుగా. దేనికోసమూ ఎదురు చూడటం లేదు.

రెండు రోజులకి నయన సెలవు పెట్టి మాలూరు నుంచి వచ్చింది. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చి తలుపు తోసింది. తోసి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట అట్లే ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఆకాశం చూసింది. మబ్బు తునక కూడా లేదు.

"అమ్మా, లోపల వానొస్తాంది!"

"చెప్పులు బయట విడువు. కాలు కడుక్కో. నీ మంచం మీద కూడా ఉండారు, చూసి నడువు" అని పెరట్లోంచి కేకేసింది శశికళ.

నయన రెండు పూటలు ఫోను ముట్టుకోలేదు. ముట్టుకున్నా చార్జింగు లేదు. అవ్వ పక్కన చాప పరుచుకుని, గడపకి చెవి ఆనించి పడుకునేది. "అవ్వా, వీళ్ళు మధ్యలో కాసేపు ఆగుతారా?" అని అడిగేది. "ఆకు అయిపోతే ఆగుతారు. లేచి వెయ్యి మరి" అనేది అవ్వ. నయన లేచి వేసేది. ఆకు పడిన చోట మొదట ఏమీ వినపడదు. తర్వాత ఒక చినుకు, ఇంకో చినుకు, అట్లా వాన మళ్ళీ మొదలయ్యేది.

ఒక పొద్దున ఆ చప్పుడు పలచబడింది. శశికళ మేల్కొంది చప్పుడుకి కాదు, చప్పుడు తగ్గడంతో. లోపలికి పోయి చూస్తే పురుగులు పండినాయి. ఒళ్ళు తేనెరంగు తిరిగి, వెలుతురికి ఎత్తి చూస్తే అవతలి వేలు కనిపిస్తోంది. ఇంగ వాటికి ఆకు వద్దు. తల ఎత్తి అటూ ఇటూ ఆడిస్తూ, గాల్లో ఏదో వెతుక్కుంటున్నాయి.

అందరూ కూర్చుని వాటిని ఏరి చంద్రికల మీద వేసినారు. వెదురు తడక మీద చక్రాలు చుట్టినట్టు అల్లిక ఉంటుంది, దాన్నే చంద్రిక అంటారు. వరండా నిండా చంద్రికలు నిలబెట్టినారు. మధ్యాహ్నానికి ఇంట్లో చప్పుడనేదే లేదు. చంద్రికల దగ్గరికి మొహం పెట్టి చూస్తే కంటికి కనపడీ కనపడని దారం, ప్రతి పురుగూ తన చుట్టూ తాను పొగమంచు అల్లుకుంటోంది.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. ఇంట్లో లైట్లన్నీ భగ్గున వెలిగినాయి. టీవీ ఎవరో తిడుతున్నట్టు మొదలైంది. పెరట్లో ఫ్యాన్లు హోరెత్తినాయి. వీధిలో పిల్లలు కేకలు పెట్టినారు.

"వచ్చిందమ్మా! వచ్చేసింది!" అని నయన చప్పట్లు కొట్టింది.

శశికళ లేచి టీవీ ఆపింది. వరండా లైటు ఆపింది. నడింట్లో లైటు ఆపింది. గూడు కట్టే పురుగు మీద వెలుగు గట్టిగా పడకూడదు, పడితే మసక వైపుకే పోయి ముద్దలు కడతాయి. ఇది రేష్మె మేపే వాళ్ళందరికీ తెలిసిందే. కానీ ఆ ఇంట్లో స్విచ్చి ఆపి, చీకట్లో నిమ్మళంగా వచ్చి కూర్చున్న శశికళని మునిలక్ష్మమ్మ కొత్తగా చూసింది. తమలపాకు మడిచి ఇచ్చింది.

షెడ్డు పడమటి మూల వాడిపోయినవి చచ్చిపోయినాయి. వాటిని గుంట తీసి సున్నం చల్లి పూడ్చినాడు నాగేంద్రప్ప. మిగతావి గూళ్ళు కట్టినాయి, తెల్లగా, గట్టిగా. ఇంట్లో కట్టినవే ఎక్కువ బాగున్నాయని సంతలో అన్నారు. మునిలక్ష్మమ్మ ఆ మాట నాలుగిళ్ళకీ పోయి చెప్పుకొచ్చింది.

అయినా ప్రతిసారీ మంచాలు బయటికి ఈడ్చలేరు కదా. నయనే మాట ఎత్తింది. జనరేటరు అయితే పొగ. ఇన్వర్టరు బ్యాటరీ ఇంకోటి పెడితే, లైను రాకపోతే దేనితో నింపేది? ఎండతో కరెంటు తీసే సోలారు పలకలే మేలని తేల్చినారు. శ్రీనివాసపురం నుంచి వాటిని బిగించే నందీశ్ అనే అతను వచ్చి షెడ్డు పైకెక్కి చూసినాడు.

"మధ్యాహ్నం మీద ఈ మామిడి కొమ్మ నీడ పడుతుందండి. పలకలో ఒక మూల నీడ పడినా మొత్తం నెమ్మదిస్తుంది. కొమ్మ కొట్టించేయండి" అన్నాడు.

మునిలక్ష్మమ్మ ఆ కొమ్మ కిందనే రాగులు చెరుగుతోంది. చేట కింద పెట్టింది.

"నాయనా, నీ పలకకి నీడ పడకూడదు, సరే. నాకు పడాల కదా?"

నాగేంద్రప్ప నవ్వు ఆపుకుంటూ అటు తిరిగినాడు. నందీశ్ పైనుంచి పెరడంతా ఒకసారి చూసి, "ఆవుల కొట్టం మీద ఏ నీడా లేదు. కాకపోతే వైరు కొంచెం పొడుగవుతుంది" అన్నాడు.

"పొడుగైతే ఏం? సీనప్పన్న దగ్గర పెండ్లిబల్బుల వైరుండాది" అనింది శశికళ. ఈసారి అందరూ నవ్వినారు.

కొట్టం మీద పలకలు వచ్చినాయి. ఎర్రమట్టి దుమ్ము పడితే నాగేంద్రప్ప పొద్దున్నే నిచ్చెన వేసుకుని, ఆవుల్ని కడిగినట్టే వాటినీ కడుగుతాడు. షెడ్డు ఫ్యాన్లు, నీళ్ళు చిమ్మే మిషను, వరండాలో ఒక దీపం దానితో నడుస్తాయి. బోరు మోటారు నడవదు, దానికి లైను రావాల్సిందే. ముసురు పట్టిన రోజున బ్యాటరీ సగమే నిండుతుంది. అప్పుడు శశికళ ఫ్యాన్లు ఆపి కిటికీలు తెరుస్తుంది, గడప మీద కూర్చుని కాసేపు వింటుంది. పనేమీ లేనట్టు కూర్చున్నావేమని ఎవరూ అడగరు.

ఊళ్ళో కరెంటు ఇప్పటికీ పోతుంది. పోయిన సాయంత్రాలు వీధిలో ఆడవాళ్ళు ఫోన్లు పట్టుకుని శశికళ వరండాకి వస్తారు. ఫోన్లన్నీ గోడ పక్కన వరసగా చార్జింగుకి పెట్టి, చేతులు ఖాళీ అయ్యాక కబుర్లకి కూర్చుంటారు. ఎవరి ఆవు ఈనింది, మామిడి మండీకి ఏ ఊరి లారీలు వచ్చినాయి, అట్లా. పొద్దు వాలినాక శశికళ ఫ్యాన్లు ఆపేస్తుంది, షెడ్డులో పురుగులు ఆకు తినే వాన వరండా దాకా వినపడుతుంటుంది. ఎదురింటి మునివెంకటమ్మ ప్రతిసారీ మాట మధ్యలోనే స్తంభానికి తల ఆనించి నిద్రపోతుంది. ఫోను నిండినా ఆమెని ఎవరూ లేపరు.