రాళ్ళ సందులో కళ్ళజోడు

పన్నెండేళ్ళుగా నా గుండెల మీద ఒక బరువు ఉంది. చూడబోతే అది చాలా తేలికైన వస్తువు. రెండు గాజుబిళ్ళలు, ఒక నల్లటి ఫ్రేము. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలా అయితేనే ఇది రాయగలను. ప్రతి ఆదివారం చర్చిలో సంఘమంతా లేచి నిలబడి పాపపు ఒప్పుకోలు చదువుతాం. తలపులోనూ మాటలోనూ చేతలోనూ తప్పులు చేశామని నేనూ అందరితో గొంతు కలుపుతాను. అంతమంది ఒకేసారి అంటుంటే ఎవరి తప్పు ఏదో ఎవరికి తెలుస్తుంది? నాది అలా గుంపులో చెప్పుకుంటే తీరేది కాదు.

మాది రేపల్లె. నాన్న అక్కడ హైస్కూల్లో సోషల్ మాస్టారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. మేనత్త వచ్చి వండిపెట్టేది. నాన్నకు ఈ లోకంలో ఉన్నవి రెండే, ఒకటి బడి, రెండోది నేను అనుకుంటూ పెరిగాను.

నిజానికి ఇంకొకటి ఉంది. నాన్నకు కొండలంటే పిచ్చి. మా తాలూకాలో రైలుపట్టాల కింద పోసిన కంకర తప్ప గుప్పెడంత రాయి దొరకదు. ఎక్కడ తవ్వినా నల్లమట్టి, ఇంకా లోతుకు పోతే ఉప్పునీళ్ళు. అందుకేనేమో ఆయన బల్ల మీద ఎప్పుడూ నాలుగైదు రాళ్ళుండేవి. పల్నాడు నుంచి ఎవరో తెచ్చిచ్చిన సున్నపురాయి ముక్క చూపించి, "మన దగ్గర గుల్లలు కాల్చి సున్నం చేస్తాం. వాళ్ళు రాయి కాలుస్తారు. రెండూ సముద్రంలోంచి వచ్చినవేనమ్మా" అనేవారు. నాకు ఏడేళ్ళప్పుడు చెప్పారు, పదేళ్ళప్పుడు చెప్పారు. నేను ప్రతిసారీ ఆవలించాను. ఆ సంగతి కూడా ఇక్కడ రాయాలి. వినమని పిలిచినప్పుడు నేను వినలేదు.

అరవైల చివర్లో తెనాలిలో టీచర్ ట్రైనింగ్‌లో చేరాను. అక్కడ నాతో పాటు ఒకే గదిలో ఉన్న పిల్ల సుగుణ. బాపట్ల నుంచి వచ్చింది. తండ్రి లేడు, తల్లి మిషను కుట్టి చదివించింది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో అడుగుతూ ఉండేది. కళ్ళజోడు తీస్తే మూరెడు దూరంలో ఉన్న మనిషిని కూడా పోల్చుకోలేకపోయేది. నాకు అంత దగ్గరి స్నేహితురాలు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. దాన్ని మా ఇంటికి రమ్మని బతిమాలింది నేనే.

మొదటి శనివారమే నాన్న బల్ల మీది రాయి తీసి చేతిలో తిప్పుతూ, "ఇది ఇక్కడిది కాదు కదండీ మాస్టారూ?" అంది. అంతే. ఆ పూట అన్నం చల్లారిపోయింది. నాన్న చెబుతూనే ఉన్నారు, అది వింటూనే ఉంది. ఆపైన ప్రతి శనివారం తెనాలిలో రైలెక్కి ఇద్దరం వచ్చేవాళ్ళం. గుమ్మంలో నాన్న చూపు ముందు నా మీద పడి, నన్ను దాటి, వెనకున్న దాని మీద ఆగేది. పెద్ద అట్లాసు ఒకటి ఉండేది మా ఇంట్లో. చేతులు కడుక్కోకుండా నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ అట్లాసుకు ఒక ఆదివారం అట్టవేసి, సుగుణ సంచీలో పెట్టి పంపించారు. రైల్లో అది ఆ సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నాకేమైందని అడిగింది. తలనొప్పి అన్నాను.

అసూయ అనే మాట అప్పుడు నాకు తోచలేదు. తోచి ఉంటే సిగ్గుపడి మానుకునేదాన్నా? ఏమో. నాన్న నాకు అన్యాయం చేస్తున్నారనే అనుకున్నాను. తండ్రి లేని పిల్ల అని జాలిపడుతూనే, మరి నా తండ్రిని ఎందుకు తీసుకుంటుంది అనుకున్నాను. ఈ రెండూ ఒక్క మనసులో పక్కపక్కనే పడి ఉండేవి.

రెండో సంవత్సరం మాఘమాసంలో, రెండో శనివారం సెలవు చూసుకుని నాన్న మమ్మల్నిద్దరినీ పల్నాడు తీసుకెళ్ళారు. పిడుగురాళ్ళకు కొన్ని మైళ్ళ అవతల ఒక ఊళ్ళో జోసెఫ్ మాస్టారని నాన్న చిన్ననాటి స్నేహితుడు బడి నడిపేవారు. శుక్రవారం వాళ్ళింట్లో పడుకుని, శనివారం పొద్దున్నే నలుగురం బయల్దేరాం. ఊరు దాటగానే సున్నపురాతి గుట్టలు మొదలయ్యాయి. ఇళ్ళలో పరిచే నాపరాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దొంతరలు దొంతరలుగా బూడిదరంగు బండలు. అంచులు చెయ్యి కోసేలా ఉన్నాయి. సందుల్లో సీతాఫలం చెట్లు, ముళ్ళకంపలు. ఎండకు రాయి తెల్లగా మెరుస్తుంటే కళ్ళు తెరవలేకపోయాం. నాన్న కుర్రాడిలా ఎక్కుతున్నారు. యాభై ఏళ్ళ వయసులో మొదటిసారి తన రాళ్ళ దగ్గరికి వచ్చారు. ప్రతి మలుపులోనూ ఆగి, బండ మీద వేలు పెట్టి, గీతలు లెక్కపెట్టి, "సుగుణా, ఇటు చూడు" అని పిలిచేవారు. ఒక్కసారైనా నా పేరు వినబడుతుందేమోనని చూశాను. వినబడింది. మంచినీళ్ళు అడగడానికి.

పైన రాళ్ళ నీడలో కూర్చుని జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి తిన్నాం. అప్పుడు నాన్న జోసెఫ్ మాస్టారితో నవ్వుతూ అన్నారు. "ఇన్నేళ్ళకి నేను చెప్పేది వినే పిల్ల దొరికిందిరా." అందులో తప్పేముంది? ఉన్న మాటే. నేను మూడడుగుల దూరంలో నీళ్ళ కూజాకు మూత పెడుతున్నాను.

కాస్త కిందగా ఒక ఊట ఉంది. సుగుణ మొహం కడుక్కోడానికి దిగింది. చేతిరుమాలు మడిచి బండ మీద పెట్టి, దాని మీద కళ్ళజోడు పెట్టింది. నేను సుగుణ వెనకే దిగాను. అది వంగి నీళ్ళు చల్లుకుంటోంది. నేను కళ్ళజోడు తీశాను. పక్కనే రెండు బండల మధ్య సన్నటి సందు. అందులోకి నెట్టాను. వేలు పెడితే అందేంత లోపలికే. తమాషాకి అనుకున్నాను, ఐదు నిమిషాలు ఏడిపించి ఇచ్చేద్దామని. నిజంగా అలాగే అనుకున్నానా? లేక ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న కథా ఇది? ఆ రాళ్ళూ గీతలూ ఇక దానికి కనబడవు కదా అన్న తలపు ఒకటి అప్పుడే మెరిసింది. అది మాత్రం బాగా గుర్తుంది.

అది తలెత్తి, రుమాలు తడిమి, బండ తడిమి, మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ తడమడం మొదలుపెట్టింది. నాన్న పరుగున దిగి వచ్చారు. నలుగురం వెతికాం. నేనూ వెతికాను, దాచిన చోటు తప్ప అన్ని చోట్లా.

"అమ్మాయ్, నువ్వు దాని వెనకే ఉన్నావుగా. చూశావా?" అన్నారు నాన్న.

"లేదు నాన్నా."

నాన్న నా మొహంలోకి ఒక్కసారైనా అనుమానంగా చూడలేదు. "అయితే కోతి ఎత్తుకెళ్ళుంటది" అన్నారు జోసెఫ్ మాస్టారు. గుట్టల మీద కోతులున్నాయి. అందరూ నమ్మారు. అరగంట పాటు ఆ సందు నాకు చేతికందే దూరంలోనే ఉంది. దొరికింది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎక్కడ దొరికిందని అడుగుతారేమోనని భయపడ్డాను. ఆ భయం కంటే ముందు, ఇవ్వబుద్ధి కాలేదు.

ఇక దిగాలి. ఆ పిల్లకు కాలి కింద ఏముందో ఆనడం లేదు. నాన్న దాని రెండు చేతులూ పట్టుకుని, తను వెనక్కి నడుస్తూ దింపడం మొదలుపెట్టారు. "ఇక్కడ మెట్టుంది. ఎడం కాలు. ఇప్పుడు కుడి. భయం లేదు, నేనున్నాగా." నేను వాళ్ళ వెనక దిగుతున్నాను. నా చేతులు అలా పట్టుకుని నాన్న నడిపించింది ఎప్పుడు? గుర్తు రాలేదు. నేను చేసిన పనితోనే నా తండ్రి చేతులు తీసి దాని చేతుల్లో పెట్టాను.

సగం దిగాక ఒక బండ మీద సన్న రాళ్ళు పరచుకుని ఉన్నాయి. వెనక్కి వేసిన నాన్న కాలు జారింది. పట్టుకుని ఉంటే ఆ పిల్ల ఆయన మీద పడేది, లేదా ఆయన దాన్ని లాగేసేవారు. ఆయన దాని చేతులు వదిలేశారు. కావాలని వదిలేశారు, నేను చూశాను. రెండు నిలువుల కింద ఉన్న బండ మీద పడ్డారు.

సుగుణ చేతులు చాచుకుని అలాగే నిలబడిపోయింది. ఏమీ ఆనని కళ్ళతో, "మాస్టారూ? మాస్టారూ?" అంటోంది.

ఇప్పుడు రాయబోయేది అన్నిటికంటే కష్టం. ఆయన పడడం నా మనసుకు ఎక్కే లోపు, ఒక్క క్షణం, చేతులు వదిలేశారన్నదే నాకు కనిపించింది. ఆ క్షణంలో నాకు తృప్తి కలిగింది. ఆ తర్వాతే కేక పెట్టాను.

జోసెఫ్ మాస్టారు ఊళ్ళోకి పరుగెత్తి మనుషుల్ని తెచ్చారు. నులకమంచం మీద దింపారు. తుంటి ఎముక విరిగింది. గుంటూరు ఆసుపత్రిలో మూడు నెలలు. లేచాక ఒక కాలు రెండంగుళాలు పొట్టి అయింది. కర్ర లేకుండా మళ్ళీ నడవలేదు. గుట్టల మాట ఎత్తలేదు.

సుగుణ ఆసుపత్రికి వారం రోజులు రోజూ వచ్చింది. కొత్త కళ్ళజోడు చేయించుకునే లోపు గోడలు పట్టుకుని వచ్చేది. తర్వాత మానేసింది. మాస్టారి మొహం చూడలేకపోతున్నానని చీటీ రాసి, అట్లాసుతో కలిపి పంపింది. ట్రైనింగ్ అయ్యాక బాపట్ల పక్క పల్లెలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. నేను రేపల్లెలోనే చేరాను. నాన్న నాకు దక్కారు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, మాట్లాడని నాన్న.

ఏటా క్రిస్మస్‌కు అది ఉత్తరం రాసేది. నేను చదివి వినిపించేదాన్ని. నా వల్లే మాస్టారికి ఇలా అయింది అని ప్రతి ఉత్తరంలోనూ ఉండేది. నాన్న ప్రతిసారీ ఒకటే మాట అనేవారు. "తన తప్పేం లేదని రాయమ్మా. తప్పకుండా రాయి." నేను జవాబు రాసేదాన్ని. నాన్న బాగున్నారు, అత్తయ్య అడిగినట్టు చెప్పమంది, ఇక్కడ వానలు పడ్డాయి. ఆ ఒక్క వాక్యం రాయలేదు. ఒక్క ఏడు కూడా రాయలేదు. రాస్తే, మరి తప్పెవరిది అన్న ప్రశ్న నా ముందుకే వస్తుంది.

పోయిన వానాకాలంలో నాన్న చనిపోయారు. సమాధి దగ్గరికి సుగుణ వచ్చింది. భర్తతో, ఇద్దరు పిల్లలతో. కళ్ళజోడుకు దారం కట్టి మెడలో వేసుకుంది. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఆయన్ని అడుగుదామనుకుంటూనే ఇన్నేళ్ళు గడిపేశాను. నువ్వన్నా నన్ను క్షమించవే" అంది.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు ఇంకెప్పుడు ఇస్తాడు? నోరు తెరిచాను. "ఊరుకో. నేనెప్పుడో క్షమించేశాను" అన్నాను.

ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాకు థాంక్స్ చెప్పింది.

కళ్ళజోడు దాచినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. చిన్నతనం అనుకోవచ్చు. నాన్న పడతారని నాకేం తెలుసు అనుకోవచ్చు. క్షమించినప్పుడు మాత్రం ముప్పై రెండేళ్ళు, అంతా తెలుసు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. ఆ మాట ఎంత సులువుగా నోటికొస్తుందో నాకు తెలుసు. సుగుణకు ఉత్తరం రాస్తానా? ఈ పూట రాయగలనని అనిపిస్తోంది. రేపటి సంగతి చెప్పలేను. కానీ పన్నెండేళ్ళలో ఎవరితోనూ అనని మాట ఇప్పుడు కాగితం మీద నా చేతిరాతలో ఉంది. కోతి కాదు. నేను. ఇంకోసారి చదువుకున్నాను. కొట్టెయ్యలేదు.