మా ఆయన కీబోర్డుకు టేకు పెట్టె

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్యకు వారం ముందు, ఒక ఆదివారం సాయంత్రం వంటింట్లో చాయ్ వడపోస్తున్నాను. ముందు గదిలో ఏదో పడింది. బండల మీద ఇనుము పడ్డ చప్పుడు. పరుగున వెళ్లి చూస్తే మా ఆయన కుర్చీలోనే ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర కీబోర్డు బోర్లా పడి ఉంది. ఎత్తి తిప్పేసరికి దాని ప్లాస్టిక్ డొల్ల రెండు చెక్కలై నా చేతిలోకి వచ్చింది. మూలలు పొడి పొడి అయ్యాయి. లోపలి ఇనుప పలక, మీటలు మాత్రం బాగానే ఉన్నాయి.  ఆ కీబోర్డే మా ఆయనకు నోరు.

పక్షవాతం వచ్చిన నాటి నుంచి ఆయన కుడి చెయ్యి లేవదు, నాలుక తిరగదు. మాటలన్నీ లోపల ఉన్నాయి, బయటకు రావు. ఎడమ చెయ్యి ఆడుతుంది గాని వణుకుతుంది. కలం పట్టిస్తే పిచ్చి గీతలే. ఫోను ఇస్తే ఒక్క అక్షరం తాకబోయి మూడు తాకుతాడు. కొత్త కీబోర్డుల సంగతీ అంతే, వేలు ఆనితే చాలు అక్షరాలు పడిపోతాయి. ఈ పాతది మొండిది. ఆయన శ్రీరాంపూర్ గని ఆఫీసులో టైపిస్టుగా ఉన్నప్పుడు వాడినది. అక్కడ పాత కంప్యూటర్లు తీసేసినప్పుడు అడిగి కొనుక్కున్నాడు. ఒక్కో మీట కింద ఒక్కో స్ప్రింగు. గట్టిగా నొక్కితే తప్ప దిగదు, దిగితే టక్కుమంటుంది. వణుకుకు లొంగదు. మనిషి అనుకుంటేనే అక్షరం పడుతుంది. బరువైనది కాబట్టి ఒంటి చేత్తో కొట్టినా బల్ల మీద జరగదు.

దాని మీద ఆయన నాతో రోజంతా కొట్లాడేవాడు. "టీచరమ్మా, ఉప్మాలో ఉప్పుకు సెలవా?" అని పొద్దున్నే కంప్యూటర్ తెర మీద పడేది. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. ఇంట్లో కూడా ఏదీ ఉజ్జాయింపుగా ఉండనివ్వనని ఆయన ఫిర్యాదు.

వచ్చిన చుట్టాలకు ఆయన టైపు కొట్టడం ఒక వింత. చుట్టూ చేరి చూసేవాళ్లు. దుబాయిలో ఉన్న మా అన్న కొడుకు వీడియో కాల్ చేసి తన దోస్తులకు చూపించేవాడు. ఆ ఆదివారం కూడా మా ఆడబిడ్డ వాళ్లు వచ్చి, గంటసేపు కూర్చుని, అప్పుడే వెళ్లారు.

ఆయన చెయ్యి వణికి, తగిలి పడిందనుకున్నాను. ఆ తర్వాత బల్ల మీద అనుమానం వచ్చింది. కొలిచి చూస్తే ఒక కాలు నాలుగు మిల్లీమీటర్లు పొట్టి. అట్టముక్క మడిచి దాని కింద పెట్టాను. తప్పంతా బల్లదేనని తేల్చుకున్నాక మనసు కాస్త కుదుటపడింది.

అటువంటి డొల్ల ఇప్పుడు ఎక్కడా దొరకదన్నాడు కంప్యూటర్ రిపేరు అబ్బాయి. మా వీధి చివర తలుపులు, మంచాలు చేసే వడ్లాయన దగ్గరికి వెళ్లాను. పగిలిన డొల్ల ముక్కలను దారంతో కట్టి, అన్ని కొలతలూ మిల్లీమీటర్లలో రాసిన బొమ్మ ఇచ్చాను. అతను కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"టీచరమ్మా, నేను తలుపులు జేసెటోణ్ణి. గడియారాలు జేసెటోణ్ణి గాదు."

"అర మిల్లీమీటరు అటైనా ఇటైనా మీట ఇరుక్కుంటది నాయనా."

"అరనా! వానకాలంల చెక్కనే అంతకంటె ఎక్కువ ఉబ్బుతది. గట్లనైతే గా నాలుగు నెలలు సారును మాట్లాడద్దని చెప్పాలె."

నవ్వాడు గాని పని ఒప్పుకున్నాడు. పాత ద్వారబంధం నుంచి తీసిన టేకు చూపించాడు. ఎండి ఎండి ఇక కదలని చెక్క. బరువుగా కూడా ఉంది. ఇనుప పలక సమంగా ఉండదు, మధ్యలో పడవ అడుగులా వంగి ఉంటుంది. దాన్ని పెట్టి చూసుకుంటూ చెక్క లోపల తొలవాలి కాబట్టి, కీబోర్డు కూడా తన దగ్గర ఉంచమన్నాడు. ఇవ్వడానికి చేతులు రాలేదు. ఇచ్చి వచ్చాను. పెత్రమాస నాడు వాళ్లు పనిముట్టు ముట్టరు. తర్వాత బతుకమ్మ రోజులు. దసరా ముందటి నవమి నాటికి ఇస్తానన్నాడు.

ఆ రోజుల్లో ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో చెప్పలేను. నేను అడగడం, ఆయన తల ఊపడం. అన్నమా, కాదు. చాయా, కాదు. మందా, కాదు. పదో ప్రశ్నకు తెలిసేది, కిటికీ మూయమంటున్నాడని.

నవమి నాడు వడ్లాయన ఇంటికి వెళ్లాను. ఆయుధపూజకు వాకిట్లో ముగ్గు వేసి, పీట మీద ఎర్ర గుడ్డ పరిచి పనిముట్లన్నీ వరుసగా పేర్చారు. రంపాలు, ఉలులు, బాడిసె, రందా. అన్నింటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. వరుస చివర మా ఆయన కీబోర్డు. ప్రతి మీటకూ పసుపు పూసి, ఒక్కోదానికి ఒక్కో కుంకుమ బొట్టు పెట్టారు. దాని మూల నుంచి నీళ్లు కారి గుడ్డ తడిసి ఉంది.

వడ్లాయన తల్లి హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. నాకంటే ఐదారేళ్లు పెద్దది.

"రా చెల్లె, మంచి యాళ్లకు వచ్చినవ్. హారతి తీసుకో."

"అక్కా, దీనికి నీళ్లు తగిలినయా?"

"తగులుడేంది? బోరు కింద పెట్టి మంచిగ కడిగిన. ఎంత మురికి ఉండె లోపల! సబ్బు కూడ పెట్టిన."

 పక్కనున్న చెక్కల కుప్ప మీద కూర్చుండిపోయాను. లోపలి నుంచి వచ్చిన వడ్లాయన పీట వంక చూసి నెత్తి పట్టుకున్నాడు.

"అవ్వా! గది కరెంటు సామానే! నీకెవరు కడుగుమన్నరు?"

"ఎవరు జెప్పాలె? ఏడాదికొకసారి సామాన్లు కడుగుడు నాకు తెల్వదా? నువ్వే అంటివి గదరా, గా సారు నోరు ఇదేనని. రంపానికి పూజ జేసి మనిషి నోరు మూలకు పెట్టమంటవా?"

 కూర్చున్న చోటే హారతి కళ్లకద్దుకున్నాను. నేను లేవకపోవడం చూసి ఆమెకు భయం పట్టుకుంది. పళ్లెం కింద పెట్టి నా పక్కన కూర్చుంది. "ఖరాబైతదా చెల్లె? సారు మల్ల మాట్లాడడా?" అంటూ కొంగుతో మీటలు ఒక్కొక్కటే తుడవసాగింది. నేను అడగాల్సిన మాట ఆమె అడిగింది.

అక్కడి నుంచే రిపేరు అబ్బాయికి ఫోన్ చేశాను. "కరెంటు పెట్టకుండ్రి" అన్నాడు. "లోపల పొరల నడుమ నీళ్లుంటయి. తడి మీద కలిపిండ్రనుకో, ఇగ అది పోయినట్టే. ఎండల గూడ పెట్టద్దు, వంకరపోతది. పది పన్నెండు రోజులు ఫ్యాను కింద ఉంచుండ్రి."

"పదా, పన్నెండా?"

"జర ఓపిక పట్టుండ్రమ్మా."

పన్నెండే పెట్టుకున్నాను. మంచం నవారు మీద పాత చీర పరిచి, కీబోర్డును బోర్లించి, పూటకొకసారి పక్క మారుస్తూ వచ్చాను. మా ఆయన కుర్చీలోంచి చూస్తుండేవాడు. దసరా నాడు జమ్మి ఆకు పట్టుకుని చుట్టాలు వచ్చారు. "అయ్యో, టైపు కొడ్తలేడా?" అని, కాసేపు కూర్చుని, ఆయన చేతిలో జమ్మి పెట్టి, మొక్కి వెళ్లారు. ఆ రోజు ఆయన ముఖం తేటగా ఉంది. పండుగ కదా అనుకున్నాను.

పదమూడో నాడు వడ్లాయన, నవమికే చేసి ఉంచిన పెట్టె తీసుకొచ్చాడు. నా కొలతల కాగితం పక్కన పెట్టుకుని స్కేలుతో చూశాను. ఎక్కడా తప్పు లేదు. ఇనుప పలకను లోపల కూర్చోబెడితే, గూట్లో దీపంలా కుదురుకుంది. అతని తల్లి కూడా వచ్చింది గాని గడప దాటలేదు. వైరు కలిపి, కంప్యూటర్ పెట్టి, నేను దేవుణ్ణి తలుచుకున్నాను. మా ఆయన పైవరుస నుంచి ఒక్కో మీటా నొక్కుకుంటూ వచ్చాడు. టక్. టక్. ఒక్కో టక్కుకు ఒక్కో అక్షరం తెర మీద పడింది. చివరి వరుస దాకా ఒక్కటి కూడా చావలేదు. మీటల సందుల్లో పసుపు మాత్రం మిగిలిపోయింది. గడప బయట ఆ ముసలమ్మ ఏడ్చింది. 

వాళ్లు వెళ్లాక, "ఇప్పుడు చెప్పు, ఇన్ని రోజులు ఏమేం దాచుకున్నవో" అన్నాను.

ఆయన ఆలస్యం చేయలేదు. తెర మీద రెండు మాటలు పడ్డాయి.

"నేనే నూకిన."

నాకు అర్థం కాలేదు. ఏమిటి నూకింది? ఆయన ఎడమ చేత్తో బల్ల అంచును చూపించి, ఆ చేతినే నేల వైపు తోశాడు. వణుకు కాదు, బల్ల కాలు కాదు. ఆయన మందుకని తెచ్చిన నీళ్ల చెంబు నా చేతిలోంచి ఎప్పుడు జారిందో నాకు తెలియదు. చీర కుచ్చెళ్లు తడిసి తెలిసింది. మనిషి తన నోటిని తనే నేలకేసి కొట్టుకుంటాడా? వడ్లాయన వాకిట్లో కుంకుమ బొట్లు చూసినప్పుడు కూడా నేను ఇంత అదరలేదు.

"ఎందుకు?" అన్నాను. 

ఒంటి వేలితో కొట్టేసరికి చాలాసేపు పట్టింది. నేను నిలబడే చదివాను.

"అందరు వాళ్ల పేరు కొట్టుమంటుండ్రు. ఆ రోజు మా చెల్లెకు నేను చెప్పిన, నాకు రాత్రిపూట భయమైతుందని. ఎవ్వలు సదువలే. నా ఏలు సూస్తుండ్రు. ఫోన్ల దీస్తుండ్రు."

రాత్రిపూట భయం సంగతి అప్పటిదాకా నాకూ తెలియదు. ఆ ఆదివారం వాళ్లున్నంతసేపు నేను వంటింట్లోనే ఉన్నాను. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆయన మళ్లీ కొట్టాడు.

"పెట్టె మంచిగుంది. మూత పెట్టియ్యమను. ఎడమ చేత్తో మూసుకునేటట్టు."

మర్నాడు కొలతలు తీసుకుని వెళ్లాను. "మూతెందుకమ్మా, దుమ్ముకా?" అన్నాడు వడ్లాయన. "కాదు, సారు అడిగిండు" అన్నాను. అతను పిడి ఎటువైపు కావాలో అడిగాడు.

ఇప్పుడు రాత్రి దీపం ఆర్పే ముందు ఆయన ఏం కొట్టాడో చదివి, జవాబు చెప్పి పడుకుంటాను. భయమని కొట్టిన రోజు దీపం ఆర్పను.

మూత బిగించిన వారంలోనే దుబాయి నుంచి వీడియో కాల్ వచ్చింది. మా అన్న కొడుకు వెనక నలుగురైదుగురు నిలబడి ఉన్నారు.

"మామా, గీయన మా ఫోర్‌మన్. ఈయన పేరు ఒకసారి కొట్టు మామా!"

మా ఆయన వాళ్లను చూశాడు. పిడి పట్టుకుని మూత దించాడు. టప్పుమని గట్టి చప్పుడైంది. అవతల మా అన్న కొడుకు ఫోను ఊపి చూసుకున్నాడు.

"అత్తా," అన్నాడు వాడు, "నెట్ పోయిందా?"

"నెట్ పోలే బిడ్డా," అన్నాను. "మీ మామ మూసిండు. ముందుగాల, ఎట్లున్నవ్ మామా అని అడుగు. ఆయన తెరిస్తే, ఏం కొట్టిండో సదువు."