కాశీలో వదిలిన ద్రాక్ష

నేను వైన్ అమ్ముతాను. తాగను. ఈ రెండు మాటలూ కలిపి చెప్తే ఎవరైనా నవ్వుతారు గనక, చాలాకాలం మొదటిది మాత్రమే చెప్పుకుంటూ వచ్చాను.

తాగకపోవడానికి కారణం ఆరోగ్యమూ కాదు, మడీ ఆచారమూ కాదు. నా గడుసుతనం. ఇరవయ్యేళ్ళ వయసులో అమ్మమ్మను తీసుకుని కాశీ వెళ్ళాను. కాశీకి వెళ్ళినవాళ్ళు తమకు ఇష్టమైన పండొకటీ కూరగాయొకటీ అక్కడ వదిలేసి, ఇక జన్మలో ముట్టుకోకూడదని మనవాళ్ళ నియమం. నాకు మామిడిపండంటే ప్రాణం. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మమ్మకు మరీ తెలుసు. "ఇష్టమైందే వదలాలి, తెలిసిందా" అని ఘాట్ మెట్లు దిగుతూ రెండుసార్లు హెచ్చరించింది. నేను బుద్ధిగా తలూపి, గంగలో మూడు మునకలు వేసి, కాకరకాయా ద్రాక్షపండూ వదిలేశాను. కాకరకాయ నేనెలాగూ తినను. ద్రాక్ష అంటారా, అప్పట్లో మా ఊళ్ళో దొరికేది పళ్ళు పులిసిపోయే రకం.

"దేవుడికే టోపీ పెట్టావు కదే" అంది అమ్మమ్మ, నా తల తుడుస్తూ.

"అదేం లేదు అమ్మమ్మా. నాకు ద్రాక్షంటే చాలా ఇష్టం."

"ఎప్పట్నించీ?"

"ఇందాకట్నించి."

ఆ తరవాత ఏటా మామిడిపండ్లు తింటూ హాయిగా బతికాను. పెళ్ళయి సింగపూర్ వచ్చాను. యూ టీ అనే పేటలో ఫ్లాటు. మా ఆయన జురాంగ్ ఐలాండ్‌లో కెమికల్ ప్లాంటు ఇంజనీరు. నాది ఒక బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం. ఒకరోజు ఆ బ్యాంకువాళ్ళు మా టీమంతటినీ కాన్ఫరెన్సు రూములో కూర్చోబెట్టి, ముందు బిస్కెట్లు పెట్టి, తరవాత ఇక రానక్కర్లేదన్నారు. బిస్కెట్లు కూడా మెత్తబడిపోయినవి. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

ఖాళీగా కూర్చుంటే నేను ఇంట్లోవాళ్ళను బతకనివ్వను. ఏదో ఒకటి చేయాలి. మా ఆయన స్నేహితులు పార్టీకి వైన్ కొనడానికి పడే తిప్పలు చూస్తూనే ఉండేదాన్ని. షాపులో అరగంట నిలబడి, ఏమీ అర్థంకాక, చివరికి సీసా మీద గుర్రం బొమ్మ బాగుందని కొనుక్కొచ్చేవాళ్ళు. మనవాళ్ళకు తెలిసే మాటల్లో వైన్ గురించి చెప్పి ఆన్‌లైన్‌లో అమ్మితే కొనరా? లైసెన్సు తెచ్చుకున్నాను. సరుకు పెట్టుకోవడానికి ఒక చల్లటి గోడౌన్‌లో మూల అద్దెకు తీసుకున్నాను. వెబ్‌సైటు నేనే తయారు చేసుకున్నాను. అన్నీ అయ్యాక మొదటి శాంపిల్ సీసా బిరడా తీసి, గ్లాసులో పోసి, నోటిదాకా తెచ్చి ఆగిపోయాను.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన.

"ఇది ద్రాక్షలోంచి కదండీ వస్తుంది?"

"మరి? వంకాయల్లోంచి వస్తుందనుకున్నావా?"

కాశీ సంగతి ఆయనకు అప్పుడే చెప్పాను. మా ఇంట్లో వారం రోజులు వాదోపవాదాలు జరిగాయి. పులిసిన తరవాత అది ద్రాక్ష కాదు, మరో పదార్థం అని మా ఆయన కాగితం మీద ఏవో సూత్రాలు రాసి చూపించాడు. పులిసినంత మాత్రాన ఇడ్లీపిండి మినప్పప్పు కాకుండా పోతుందా అని నేను అడిగితే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మాయి "అమ్మా, జస్ట్ జ్యూస్ వాట్. గాడ్ వోంట్ మైండ్ లా" అని సింగపూర్ ఇంగ్లీషులో తేల్చేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. నిజానికి నాకూ అలాగే అనుకోవాలని ఉంది. కానీ సేమ్యా పాయసంలో కిస్‌మిస్‌లను ఇన్నేళ్ళుగా ఏరి పక్కన పెడుతున్న మనిషిని. కిస్‌మిస్ వదిలి సీసా ఎత్తితే నాకే సిగ్గుగా ఉంటుంది. పైగా మొదటే మోసం చేసినదాన్ని. ఆ మోసంలో మళ్ళీ ఇంకో మోసం చేయడానికి మొహం చెల్లలేదు.

మరి రుచి చూసేదెవరు? మా ఆయన ప్రతి సీసాకూ "బాగుంది" అనేవాడు, నా వంటకు అన్నట్టే. అది నమ్ముకుని కొట్టు నడపలేం. అలాంటి సమయంలో మా కింది అంతస్తు ఆంటీ దొరికింది.

ఆవిడ మలేసియా రబ్బరు తోటల్లో పుట్టిన తెలుగావిడ. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వలస వెళ్ళారట. పెళ్ళయ్యాక ఇటు వచ్చి, ముప్ఫయ్యేళ్ళు ఒక స్కూలు క్యాంటీనులో వండిపెట్టింది. ఒక చెంచా సాంబారు నోట్లో పోసుకుని అందులోని పొడి కొట్టి ఎన్నాళ్ళయిందో చెప్పగలదు. చెప్పి ఊరుకోదు, ఎందుకు అన్నాళ్ళు ఉంచావని తిడుతుంది. ఒక సాయంత్రం కరివేపాకు ఇవ్వడానికి వచ్చి, నా చేతిలో గ్లాసు చూసి, తీసుకుని తాగేసింది.

"ఏటమ్మా ఇది, పులుపు చాలా లా!" అంది. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగింది. "ముందు సింతసిగురు పులుపు. ఎనకాల ఇంగువ డబ్బా మూత తీసినట్టుంది. ఆకర్న మాత్రం సెడాప్, మంచి రుచి. కోపమొచ్చి ఎల్లిపోయిన ఆడపడుచు మళ్ళీ వచ్చి కాఫీ అడిగినట్టుంది."

నేను అది ఉన్నదున్నట్టు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వెబ్‌సైటులో పెట్టేశాను. ఆ సీసాలు వారంలో అయిపోయాయి.

అప్పట్నించీ అదే పద్ధతి. ఆంటీ రుచి చూస్తుంది, నేను వాసన చూస్తాను. కాశీలో వాసన వదల్లేదు కదా. వెబ్‌సైటు మీద పెద్ద అక్షరాలతో "మా ఇంట్లో రుచి చూడని సీసా అమ్మము" అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు. చూసిందెవరో చెప్పలేదంతే.

ఊరికి అటు చివరి పుంగ్గోల్ నుంచి కుర్రజంటలు మెసేజీలు పెట్టేవాళ్ళు. అక్కా, గోంగూర మటన్‌లోకి ఏది బాగుంటుంది? అక్కా, తియ్యగా ఉండాలి, కానీ తీపిది తాగుతున్నామని అతిథులకు తెలియకూడదు. ఒకమ్మాయి అయితే, అత్తగారు వచ్చారు, సీసాలు బియ్యం సంచిలో పెట్టి పంపండి, అడిగితే నువ్వులనూనె అని చెప్పండి అంది. అలాగే పంపించాను. ఆ సాయంత్రం ఆ అత్తగారు తలంటుకోవడానికి ఆ నూనె కాస్త పోయమని అడిగారట. తరవాతేం జరిగిందో నేను అడగలేదు.

ఇలా సాగుతుండగా పోర్చుగల్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ చింతచిగురు వైన్ తయారుచేసే తోట యజమాని రాశాడు. నేను అమ్మే సరుకులో సగానికి పైగా ఆయనదే. సింగపూర్‌లో ఒక పెద్ద కంపెనీ తన వైనంతా తమకే ఇమ్మని అడుగుతోందట. తేల్చుకోవడానికి తనే వస్తున్నాడట. "మీ వర్ణనలు చదివాను. మీ పక్కన కూర్చుని మీరు రుచి చూస్తుంటే చూడాలని ఉంది" అని రాశాడు. ఆ వైన్ పోతే నా కొట్టు మూతపడినట్టే. మళ్ళీ మెత్తబడిన బిస్కెట్లు పెట్టేవాళ్ళ దగ్గరికి ఉద్యోగానికి వెళ్ళాలి. నాకు ఏడుపొచ్చింది.

"ఒక్క గుక్క" అన్నాడు మా ఆయన. "తరవాత మళ్ళీ కాశీ వెళ్ళి లెంపలేసుకుందువుగాని. టికెట్లు నేను కొంటాను."

రెండు రోజులు ఆలోచించి సరేనన్నాను. ఒక్క గుక్క, అదీ వ్యాపారం కోసం.

ఆదివారం మధ్యాహ్నం ఆ పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. చెప్పకుండానే గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. చేతులు మొరటుగా, గోళ్ళ అంచున మట్టి గీతలు. ఆంటీ మసాలా వడలు వేసి తెచ్చి, మర్యాదకు ఒకటి ఆయనకు పెట్టి, పళ్ళెం తన దగ్గరే పెట్టుకుని కూర్చుంది. ఆయన సంచిలోంచి లేబులు లేని సీసా తీశాడు. తన తండ్రి చేత్తో నాటిన తీగల నుంచి తీసిందట, ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. నాకు గ్లాసులో పోసి, మోచేతులు బల్ల మీద ఆనించి, నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

గ్లాసు ఎత్తి వాసన చూశాను. పట్టుచీరల బీరువా తెరిచినట్టు అనిపించింది. దాని వెనక నేరేడుపండు. ఇంకా వెనక, అరిసెల పాకానికి బెల్లం కరుగుతున్నప్పుడు వచ్చే వాసన. నా నోట్లో నీళ్ళూరాయి. నేను కంగారుపడ్డాను. ఇన్నేళ్ళలో ఎన్ని సీసాల వాసన చూశానో, ఎప్పుడూ ఇలా కాలేదు. ద్రాక్ష నాకు కావాలనిపించడం జీవితంలో అదే మొదటిసారి. కొట్టూ గుర్తులేదు, కంపెనీ గుర్తులేదు. గ్లాసు అంచు పెదవికి తగిలింది.

కింద పెట్టేశాను. వ్యాపారం కోసమే అయితే తాగేసేదాన్నే. నాకు కావాలనిపించింది గనక తాగలేకపోయాను.

"నేను తాగను. ఎప్పుడూ తాగలేదు. ఆ మాటలన్నీ ఈవిడవి" అని ఇంగ్లీషులో చెప్పి ఆంటీని చూపించాను. ఆంటీ నోటినిండా వడ ఉంది. మా ఆయన లేచి ఫ్యాను కేసి చూడడం మొదలుపెట్టాడు. పెద్దాయన ఎందుకని అడిగాడు. కాశీ, గంగ, అమ్మమ్మ, నేను పెట్టిన టోపీ, అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. మామిడిపండు అంత బాగుంటుందా అని అడిగాడు. చాలా బాగుంటుందండీ అన్నాను.

అప్పుడాయన ఇంకో గ్లాసు పోసి ఆంటీ ముందు పెట్టాడు. ఆవిడ చేతులు చీర కొంగుకు తుడుచుకుని ఒక గుక్క తాగింది. ఇంకోటి తాగింది. తరవాత ఆయన వైపు జాలిగా చూసింది.

"మీ నాన్న మొండిమనిసి లా, పాపం" అంది. "ఎంతసేపటికీ పలకడు. మనమే కూకోవాల. మక్కాన్, అదే బువ్వ, తినేసి, పళ్ళేలు తీసేసినాక అప్పుడు మాటాడతాడు. అప్పుడు మంచి మాటే చెప్తాడు."

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకున్నది అద్దాలను మాత్రమే కాదు. హోటళ్ళకు అమ్ముకోవడం పెద్ద కంపెనీకి, ఇళ్ళకు అమ్మడం మాకు అని అక్కడికక్కడే తేల్చి సంతకం పెట్టాడు. కొత్త వైన్ గురించి రాసేదాంట్లో మాత్రం ఆంటీ చెప్పిన మాటలే ఉండాలన్నాడు. ఆంటీకి ఆ షరతు పట్టలేదు. ఆయన రెండో వడ అడిగాడని మాత్రం పొంగిపోయింది.

అందరూ ఆయన్ని ట్రైన్ ఎక్కించడానికి వెళ్ళారు. నేను వంటింట్లో గ్లాసులు కడుగుతున్నాను. నా గ్లాసు నిండుగానే ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. సంతకాలు అయిపోయాయి. ఊపిరి పట్టగలిగినంతసేపు ఆ వాసన చూశాను. సింకులో ఒంపేస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొంగుకొచ్చే ఆశను చంపుకోవడం అంటే ఇంత బాధగా ఉంటుందని నాకు తెలియదు. కాశీలో ఆ రోజు నేను వదిలింది ఏమీ లేదు. ద్రాక్షను వదిలింది ఇదిగో, ఈ సింకు దగ్గర.