కవితను వెంటబెట్టుకొని ఓబులమ్మవ్వ దగ్గరికి

ప్రొద్దుటూరులో పొద్దున ఆరు గంటల బస్సు ఎక్కితే జమ్మలమడుగులో బొరుగుల ఉగ్గాని వేడివేడిగా దొరుకుతుంది. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు నేనిచ్చే మొదటి సలహా ఇది. రెండోది, బస్సులో ఎవరైనా ఏ ఊరని అడిగితే ఊరు చెప్పకుండా మాట మార్చేయండి. ఊరి పేరును బట్టి పార్టీని లెక్కగట్టే రోజులివి.

నా ప్రయాణానికి కారణం ఒక కవిత. మా కాలేజీలో నాతోపాటు తెలుగు చెప్పే రామ్మోహన్ కవి. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. కిందటేడు మైలవరం వైపు వెళ్తూ బస్సు చెడిపోయి ఆగినప్పుడు, కాయ పెరికేసిన చెనిక్కాయ చేనులో పరిగె ఏరుకుంటున్న ఒక ముసలామెను చూశాడు. రైతు చేతికి రాకుండా మట్టిలో మిగిలిపోయిన వేరుశనగ కాయలను పేదవాళ్ళు ఏరుకోవచ్చు, ఎవరూ కాదనరు. అదే పరిగె. రామ్మోహన్ ఆమె పేరు ఓబులమ్మ అని అడిగి తెలుసుకొని, ఇంటికొచ్చి కవిత రాశాడు. మంచి కవిత, బహుమతి కూడా వచ్చింది. మా ఊళ్ళో సభ పెట్టారు. సభకు రాబోయే నాయకుడు ఆ ముసలామెను కూడా పిలిపించండి, వేదిక మీద శాలువా కప్పి ఇల్లు కట్టిస్తానని చెబుతాను అన్నాడట.

“నేను పోతే ఏ పార్టీ తరఫున వచ్చినావని అడుగుతారక్కా. నిన్నైతే ఎవరూ అడగరు” అన్నాడు రామ్మోహన్. ముసలిప్రాణానికి ఇల్లు వస్తుందంటే కాదనడానికి నాకు మనసు రాలేదు. కవిత అచ్చయిన పత్రికను సంచిలో పెట్టుకొని బయల్దేరాను.

జమ్మలమడుగులో ముందు ఉగ్గాని, బజ్జీ సంగతి చూశాను. ఖాళీ కడుపుతో నేను ఎవరికీ ఉపకారం చేయలేను. తర్వాత బస్టాండులో ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముతున్న ఆమెను ఓబులమ్మ గురించి అడిగాను.

“ఓబులమ్మవ్వనా? పరిగె అయిపోయినాక ఆయమ్మకు ఈడేం పని? వాళ్ళూరికి పాయ. సింహాద్రిపురం పక్కన. పులివెందల బస్సెక్కిపో” అంది.

రామ్మోహన్ చెప్పిన లెక్క ప్రకారం మధ్యాహ్నానికి ఇంటికి చేరాల్సింది. అతన్ని మనసులో నాలుగు తిట్టి, ముద్దనూరు మీదుగా పులివెందులకు వెళ్ళే బస్సెక్కాను. సీట్లన్నీ నిండి ఉన్నాయి. అయినా ఎవరి నోటా మాట లేదు. ముద్దనూరు దాటాక పోలీసులు బస్సు ఆపి మగవాళ్ళ సంచులన్నీ వెతికారు. నా సంచి జోలికి రాలేదు. వాళ్ళు దిగిపోయాక, నా పక్క వరుసలో కూర్చున్న రైతు కాస్త ఊపిరి తీసుకొని నా వైపు తిరిగాడు.

“యాడికి పోతాండావమ్మా?”

సింహాద్రిపురం పక్కన ఓబులమ్మ అనే ముసలామె దగ్గరికని చెప్పాను. ఆయన ముఖం తేటపడింది.

“మా ఊరే! ఆయమ్మకు పార్టీ లేదులేమ్మా. అటోళ్ళ సేండ్లోకి ఇటోళ్ళు పోరు, ఇటోళ్ళ సేండ్లోకి అటోళ్ళు పోరు. రెండిట్లోకీ పోయేది ఆయమ్మొకతే. ఎవురూ ఏమనరు.”

పులివెందులలో భోజనం చేశాను. పప్పులో నీళ్ళెక్కువ, సాంబారులో నీళ్ళు తప్ప ఇంకేం లేదు. మీరు వెళ్తే అరటిపళ్ళు కొనుక్కోండి. అక్కడి నుంచి సింహాద్రిపురానికి ఇంకో బస్సు, ఆ తర్వాత ఆటో. రైతు చివరిదాకా తోడు వచ్చి కొట్టం చూపించి వెళ్ళాడు.

అది రాతిగోడల మీద బోదగడ్డి కప్పిన కొట్టం. కప్పు ఒక మూల ఊడిపోయింది, లోపల కూర్చుంటే ఆకాశం కనబడుతుంది. ఓబులమ్మవ్వ వాకిట్లో చెనిక్కాయలు ఆరబోసి కూర్చుంది. వంగిన నడుము, చెవులకు కమ్మల్లేవు, చేతులు మాత్రం ఆగకుండా కాయల్లోంచి మట్టిపెళ్ళలు ఏరుతున్నాయి. నేనెవరినో, ఎందుకొచ్చానో అడగలేదు.

“అన్నం తిన్యావా పాపా?”

“పులివెందులలో తిన్నానవ్వా.”

“ఆడ పెట్టేది తిండేనా? కూసో.”

రాగిసంగటి ముద్ద పెట్టి, పైన చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వేసింది. ఆ రుచి నేను చెప్పలేను. సిగ్గు విడిచి రెండో ముద్ద అడిగాను. చేయి కడుక్కున్నాకే “ఇంగ చెప్పు” అంది. సభ గురించి, శాలువా గురించి, ఇల్లు గురించి చెప్పాను.

“ఇల్లిచ్చేది ఎవురు?”

నాయకుడి పేరు చెప్పాను. అవ్వ పకపకా నవ్వింది.

“బాగుండాది పాపా! ఆయప్ప శాలువా నేను కప్పుకుంటే ఇంగొకాయప్ప సేండ్లోకి నన్ను రానిస్తారా? కొట్టం కారితే ఇంగో మూలకు జరిగి పండుకుంటా. సేను మూసుకుంటే యాడికి జరగాల?”

ఊడిపోయిన కప్పు వైపు చూసి, మళ్ళీ వానలొస్తే ఎలా అన్నాను. “వానొస్తే మంచిదే గదా, పంటలు పండుతాయి” అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, “అవునుగానీ, ఊర్లో ఇంతమంది ఉండంగా నన్నేంటికి పిలుస్తాండారు?” అని అడిగింది.

దానికి జవాబు కవితే కదా అనుకొని, పత్రిక తీసి చదివాను. అందులో నా అన్నవాళ్ళు లేని ఒక ముసలామె ఉంటుంది. ఆమె వేళ్ళు మట్టిని అడుక్కుంటాయి. దొరికిన ఒక్కో కాయను ఆమె కన్నీళ్ళతో కడుగుతుంది. తరగతిలో చదివినప్పుడు ఆడపిల్లలు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఓబులమ్మవ్వ చేతులు కూడా ఆగిపోయాయి. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి, తనను తాను పోల్చుకుందనుకున్నాను.

“పాపం” అంది అవ్వ. “ఎవురు ఆయమ్మ? యా ఊరు?”

పత్రిక మడిచి ఒడిలో పెట్టుకున్నాను.

“పరిగె నేనూ ఏరతా. నలుగురం మాట్లాడుకుంటా, నవ్వుకుంటా ఏరతాం. ఒగ దినం గంప నిండుతాది, ఒగ దినం కొంగు నిండదు. దానికి ఏడ్సేదేంది? ఆయమ్మకు మనిషి తోడు లేకపోయినట్లుండాది. పాపా, ఆ ఇల్లేందో ఆయమ్మకు ఇప్పియ్యి. ఇట్లాంటోళ్ళకే గదా ఇయ్యాల్సింది.”

ఆమె నువ్వే అవ్వా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? ఎవరి ముందూ చేయి చాపకుండా రెండు పార్టీల మధ్య ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చిన మనిషికి, లోకానికి నువ్వు ఇలా కనబడుతున్నావని చెప్పినట్టవుతుంది. ఆ మాట మింగేశాను. కప్పు ఊడిన కొట్టంలో ఆమెను వదిలి వస్తున్నందుకు మాత్రం నాకు దుఃఖం వచ్చింది, దాచుకోను.

లేచేసరికి అవ్వ పాత చీరముక్కలో నాలుగు దోసిళ్ళ చెనిక్కాయలు మూటగట్టి నా చేతిలో పెట్టింది.

“ఆయమ్మకు ఇయ్యి. బాగా ఎండినాయి, శానా దినాలుంటాయి.”

పులివెందులలో సాయంత్రం ప్రొద్దుటూరు బస్సు దొరికింది. మూటను ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. పక్కసీటు ఆమె మూటను తడిమి చూసి, “కాయ బాగుండాదే. ఎవురికమ్మా?” అంది. ఒక ముసలామెకన్నాను. “యాడుంటాది?” అంది. తెలియదన్నాను. నన్ను విచిత్రంగా చూసి కిటికీ వైపు తిరిగింది. బయట చేలు చీకట్లో కలిసిపోతున్నాయి, ఏ చేను ఏ పార్టీదో ఇక ఎవరూ చెప్పలేరు. పేదరికాన్ని చూద్దామని వెళ్ళినదాన్ని, కడుపునిండా తిని, మూట మోసుకొని తిరిగొస్తున్నాను. నాకు ఆ ప్రయాణంలో మిగిలింది అదే.

రామ్మోహన్ ప్రొద్దుటూరు బస్టాండులోనే కాచుకొని ఉన్నాడు. నా వెనక ఇంకెవరూ దిగకపోయేసరికి అతని ముఖం చిన్నబోయింది.

“రాలేదాక్కా? కవిత వినిపించినావా? ఏమంది?”

“వినిపించినా. శానా జాలిపడింది. నీ కవితలో ముసలామెకు ఇమ్మని ఇవి పంపింది” అని మూట అతని చేతుల్లో పెట్టాను. “ఆమె యాడుందో నాకైతే కనపడలేదు నాయనా. నువ్వే వెతికి ఇయ్యి.”