మాది ఉత్త ప్రభాతమే

ఆ రోజుల్లో మా మార్కాపురం తాలూకాలో ఎస్సెల్సీ పాసైన కుర్రోడు ఒకడుంటే చాలు, ఆ వీధికంతా కలెక్టరు దొరికినట్టే. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్త అది. మా తాలూకా మాత్రం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. వీధిలో వాళ్ళ అర్జీలు రాసేది నేనే, మనియార్డరు ఫారాలు నింపేది నేనే, టెలిగ్రాం వస్తే విప్పకముందే ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టేదీ నేనే. పందొమ్మిదేళ్ళకే అంత గౌరవం దొరికితే మనిషికి కాళ్ళు నేల మీద ఆనతాయా? నాకు ఆనలేదు. (ఆ ఏడాదంతా జేబులో రెండు పెన్నులు పెట్టుకొని తిరిగినాను. ఒకదాంట్లో సిరా ఉండేది కాదు.)

మా నాయన ఊళ్ళో ఒక శెట్టిగారి పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు మేస్త్రీగా చేసినాడు. గని నుంచి వచ్చిన రాతిని వేలితో తట్టి, ఆ చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. చెక్క చట్రంలో వెంట్రుకంత వంకర ఉన్నా పట్టేసేవాడు. ఆ పలక మీద ఓ మూల ఎర్ర కోడిపుంజు లేబులు ఉండేది, దాని కాళ్ళ కింద చీమలంత అక్షరాల్లో ఏదో పేరు. ఆ పేరు ఎవరు చదివినారు? దొనకొండ నుంచి గిద్దలూరు దాకా ఏ దుకాణంలోనైనా 'పుంజు పలక ఇయ్యన్నా' అనడమే. శెట్టిగారిని కూడా ఆయన లేనప్పుడు పుంజు శెట్టి అనేవాళ్ళం. నేను అక్షరాలు దిద్దింది ఆ పలక మీదే, మా చెల్లెలు దిద్దుతా ఉండింది కూడా దాని మీదే.

నాయన సొంతంగా ఒక షెడ్డు వేసుకోవాలనుకున్నాడు. అమ్మ గాజులు, ఎద్దుల జత అందులోకి పోయినాయి. శెట్టిగారి దగ్గరికి పోయి, చేతులు కట్టుకొని చెప్పినాడు: "మీ ఉప్పు తిన్నోణ్ణి సామీ. మీ గిరాకీని పిలవను, మీ బేరం మీద చెయ్యి వెయ్యను." ఆయన కూడా దొడ్డ మనిషి. "పోయి బాగుపడు మేస్త్రీ" అని, తన చేత్తో ఒక రంపం ఇచ్చి పంపినాడు. ఆ మాట నిలబెట్టుకోవడం నాయనకు షెడ్డు కన్నా పెద్ద పని. గిద్దలూరు నుంచి ఎవరన్నా ఆర్డరుకు వస్తే, "ముందు శెట్టిగారిని అడిగి రాండి" అని పంపించేవాడు. (ఇట్ల వ్యాపారం చేసేవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.)

ఇంక కంపెనీకి పేరు పెట్టాల. అమ్మ తన తల్లి పేరు పెట్టమనింది. మేనమామ ఏదో దేవుడి పేరు చెప్పినాడు. "ఆ పాత పేర్లు ఏంది మామా? మంచి సంస్కృతం పేరు కావాల" అని అందరి నోళ్ళూ మూయించి, రెండు రోజులు అన్నం కూడా సరిగా తినకుండా ఆలోచించినాను. మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుంటా ఉంటే తట్టింది. ప్రభాత స్లేట్ వర్క్స్! ఎంత బాగుండాదీ! బొమ్మకు ఉదయించే సూర్యుడు. కర్నూలుకు పోయి రిజిస్టరు చేయించుకొని వచ్చినాను. అక్కడి గుమాస్తా, "ఈ పేరు ఇంకెవరికన్నా ఉందేమో విచారించుకున్నావా అబ్బాయ్?" అని అడిగినాడు. నేను నవ్వి, "ఇది నా బుర్రలో పుట్టిన పేరండీ" అన్నాను. ఆయన ముద్ర కొట్టి కాగితం నా చేతికి ఇచ్చినాడు. లేబుళ్ళు గుంటూరులో రెండు రంగుల్లో అచ్చు వేయించినాను. మొదటి సరుకుకు లేబుళ్ళు నాయనే మైదా బంకతో అంటించినాడు, ఒక్కటి కూడా వంకర పోకుండా.

నెల తిరగకముందే శెట్టిగారు కబురు చేసినాడు. గిద్దలూరులో ఒక దుకాణదారు ఆయనకు కార్డు రాసినాడంట, 'మీరు పుంజును తీసేసి సూర్యుణ్ణి వేసినారా, సరుకు మీదేనా' అని. మేము పోయేసరికి ఆయన ఫ్యాక్టరీ వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చోని ఉండాడు. ఒడిలో రెండు పలకలు. వెనకాల గోడకు, మద్రాసు నుంచి వచ్చిన ట్రేడ్‌మార్కు కాగితం అద్దం కట్టించి వేలాడదీసి ఉండాది. పని చేసేవాళ్ళంతా, నాయన చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళే, రాళ్ళు నునుపు చేయడం ఆపి చూస్తా ఉండారు.

"ఏంది మేస్త్రీ ఇది?" అన్నాడు శెట్టిగారు.

నాయన రెండు పలకలూ చూసినాడు. "మీది పుంజు, మాది సూర్యుడు గదా సామీ. రెండూ ఒకటెట్లయితాయి?"

"బొమ్మ కాదయ్యా. పేరు చదువు."

నేను వంగి చూసినాను. పుంజు కాళ్ళ కింద, చీమలంత అక్షరాల్లో, సుప్రభాత స్లేట్ వర్క్స్. ఐదేళ్ళు నా ముక్కు కింద పెట్టుకొని దిద్దిన పలక అది! నా బుర్రలో పుట్టిందనుకున్న పేరు ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది. అప్పుడన్నా నోరు మూసుకోవాల గదా. రెండు పెన్నులోణ్ణి, ఊరుకుంటానా? "మీది సుప్రభాతం సార్, మాది ఉత్త ప్రభాతమే. 'సు' లేదు!" అన్నాను. పనివాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. శెట్టిగారు నా పక్క చూడను కూడా చూడలేదు.

"పిల్లోడిది వదిలెయ్. ఇరవై ఏళ్ళు నీ చేత్తో అంటించినావు ఈ పేరు. నీకు తెలీదా? మాట ఇచ్చి ఇట్ల చేస్తావా?"

నాయన పుంజు లేబులు మీద వేలు పెట్టినాడు. తర్వాత అన్నాడు, అందరికీ వినపడేట్టే: "అంటించినాను సామీ. చదవలేదు. నాకు చదవను రాదు."

ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. సంతకం పెట్టే మనిషికి చదువు రాకుండా ఎట్ల పోతాది? "మరి నా ఆర్డరు కాగితాలన్నీ నీకే ఇస్తి గదయ్యా!" అన్నాడు శెట్టిగారు. "మీరు ఇచ్చేటప్పుడు పైకి చదివి ఇచ్చేవాళ్ళు సామీ. గుర్తు పెట్టుకునేవాణ్ణి. సంతకం అంటారా, అది బొమ్మ గీసినట్టు నేర్చుకున్యా." ఇంటికి జాబు వచ్చినప్పుడల్లా 'నా కండ్లు మసకరా, నువ్వు చదువు' అనేవాడు. వెంట్రుకంత వంకరను పట్టే కండ్లకు మసకేందని నేను ఒక్కనాడూ అడగలేదు. అంత చదువుకున్నోణ్ణి.

శెట్టిగారు లేచి, తన కుర్చీ నాయనకు వేసినాడు. నాయన కూర్చోలేదు. "పేరు మార్చుకో మేస్త్రీ, అంతే. ఇంకేం లేదు" అన్నాడాయన, గొంతు తగ్గించి. దోవ పొడుగునా నాయన నన్ను ఒక్క మాట అనలేదు. రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చినాను.

ఆ లేబుళ్ళు మా ఇంట్లో ఏళ్ళ తరబడి తరగలేదు. అమ్మ పళ్ళపొడి పొట్లాలు కట్టింది, పచ్చడి జాడీల మీద అంటించింది (మా గోంగూర చాలాకాలం ప్రభాత స్లేట్ వర్క్స్ వారిదే). శెట్టిగారి దగ్గరికి పోయొచ్చిన మరుసటి వారం ఒక పొద్దున నాయన కొత్త పలక ఒకటి తెచ్చి నా ముందర పెట్టినాడు. "నేర్పీరా. నేను చదవగలిగిన పేరే పెడదాం." చేయి తిరగక, బలపం ముక్కలు ముక్కలైంది. నేను విసుక్కుంటే, "నీకు చట్రం కొట్టడం నేర్పినప్పుడు నేను విసుక్కున్నానా?" అనేవాడు. విసుక్కున్నాడు, బాగా. నేను ఎదురు చెప్పలేదు. నెలన్నరకు, తనంతట తాను కూడబలుక్కొని చదివిన మొదటి మాట 'పలక'. ఆయన కండ్లు చెమ్మగిల్లినాయి. "ఇదే పెట్టు" అన్నాడు.

పెట్టినాము. ఈసారి బుద్ధిగా ట్రేడ్‌మార్కుకు కూడా మద్రాసుకు అర్జీ పంపినాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. పలకకు పలక అని పేరు పెట్టుకుంటే అది ఒకరి సొంతం కాదు, అది అందరిదీ, కుదరదు అని. మళ్ళీ పోయిందే అని తల పట్టుకొని కూర్చున్నాను. నాయన, జవాబుకని నేను పంపిన కవరు మీద తెలుగులో రాసిన తన పేరు మెల్లిగా చదువుకొని, నా చేతికి ఇచ్చి, "అందరిదంటే మనదీ గదరా. ఉండనీ" అని పనిలోకి పోయినాడు.

ఆ పేరుతోనే ఆయన పోయేదాకా నడిచింది. నా దగ్గర ఇప్పటికీ ఒక లేబులు ఉండాది. ముందర నా సూర్యుడు, వెనక పెన్సిలుతో నాయన రాసిన మూడు అక్షరాలు, ఒకటి కిందికి జారి, ఒకటి పైకెక్కి. చట్రంలో వంకర ఒప్పుకోని మనిషి రాత అది. పోయినేడు అద్దం కట్టించను పోతే, షాపులో పిల్లోడు సూర్యుణ్ణి చూసి, "బొమ్మ బాగుంది తాతా, ఇటు కనపడేట్టు కడతాను" అన్నాడు. పందొమ్మిదేళ్ళప్పుడైతే పొంగిపోయి ఉండేవాణ్ణి. తిప్పి కట్టమన్నాను.