న్యా సెవే నడిపిన విమానం

న్యా సెవేకి ఏ పనీ మొదటిసారి చెయ్యడం ఇష్టం ఉండదు. మొదటిసారి చేసేలోపే నాలుగైదుసార్లు చేసి చూసుకోవాలంటుంది. పరాగ్వే ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి బట్టలూ బూట్లూ బంతులూ చూసుకునేది ఆవిడే. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. జట్టుకి జపాన్‌ టోర్నమెంటులో చోటు దొరికిన రోజున అందరూ ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తుంటే, ఆవిడ కెప్టెన్ గ్రిసెల్డాని పక్కకి పిలిచి, మనం వెళ్ళేసరికి అక్కడ వానలట, ఒకసారి తడిసి చూసుకోవద్దా అని అడిగింది.

మర్నాడు తడిశారు. రాజధాని అసున్సియోన్ శివార్లలో శిబిరం. అక్కడ జూన్ అంటే చలికాలం. ప్రాక్టీసు మధ్యలో న్యా సెవే తోట గొట్టం పట్టుకొచ్చి, ఇరవై ముగ్గురి నెత్తినా నీళ్ళు పోసి, తడి బూట్లతో జాతీయగీతం పాడించింది. ముగ్గురికి జలుబు చేసింది. జలుబు కూడా ఇక్కడే అయిపోవడం మంచిదంది.

తర్వాత ఓడిపోవడం నేర్పింది. గెలిస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు, ఓడినప్పుడే మనిషికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదని ఆవిడ వాదన. గెలిచిన జట్టుగా తోటమాలి దోన్ కతలీనోని నిలబెట్టింది. ఆయన వంటింట్లోని సూపు గిన్నె నెత్తిమీదికెత్తి నిలుచుంటే, పిల్లలంతా వరసగా వెళ్ళి చెయ్యి కలిపి అభినందించారు. పెద్దాయన దాన్ని మనసులోకి తీసుకున్నాడు. వారంపాటు గ్రిసెల్డా ఎదురైనప్పుడల్లా, మీరూ బాగానే ఆడారమ్మా అని ఓదార్చేవాడు.

ఇదంతా సరదాగానే ఉండేది, విమానం మొదలయ్యేదాకా.

ఒకరోజు భోజనాల గదిలో కుర్చీలన్నీ మూడేసి చొప్పున వరసలు తీరి ఉన్నాయి. ప్రయాణం ముప్ఫై గంటలు కదా, కూర్చుని చూద్దాం అంది న్యా సెవే. పాత జెర్సీలు చింపి బెల్టులు కుట్టింది. ఉదయం ఫలహారం నుంచి సాయంత్రం దాకా పిల్లలు కూర్చున్నారు. ఆవిడే ట్రేలో చీపా రొట్టెలు పంచింది, నోటితోనే ఇంజను మోత మోగించింది. మధ్యమధ్య దోన్ కతలీనో వెనకనుంచి వచ్చి కుర్చీలు కుదిపేవాడు. అది గాలి ఎత్తుపల్లాలట. ఆయన వరసలు దాటి కుదుపుతుంటే గ్రిసెల్డా తాగుతున్న తెరెరే, ఆ చల్లటి ఆకు టీ, గ్లాసుతో సహా ఒళ్ళో ఒలికింది.

అలా ఒకసారి కాదు. రెండు రోజులకోసారి. నాలుగో విమానానికి గ్రిసెల్డా మోకాళ్ళు పట్టేశాయి. కోచ్ దగ్గరికి వెళ్ళి, ఆవిడకి మీరైనా చెప్పండి ప్రొఫే అంది.

"నిన్న చెప్పాను," అన్నాడాయన. "నన్ను పైలటుగా కూర్చోబెట్టింది."

ఐదోసారి గ్రిసెల్డా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె వెనకాల జట్టంతా ఆగింది. మేం మైదానానికి పోతాం, మాకు ఆడటం కావాలి, కూర్చోవడం వచ్చేసింది అని కెప్టెన్ నెమ్మదిగానే చెప్పింది. ఒక మాటంటే పది మాటలు తిరిగొచ్చే మనిషి న్యా సెవే. ఆ రోజు మాత్రం చేతిలోని ట్రే వైపు చూస్తూ నిలబడింది.

"ఈ ఒక్కసారి కూర్చోండి తల్లీ," అంది.

ఎవరూ కదల్లేదు. అప్పుడు నిమియా ముందుకొచ్చింది. పల్లెటూరి పిల్ల, మాటలు తక్కువ, జట్టుకి కొత్త. ఆఖరి పెనాల్టీ ఆపి వాళ్ళందరినీ జపాన్ దాకా తెచ్చిన గోల్‌కీపరు. సున్నం కొట్టిన గోడలా పాలిపోయిన మొహంతో వెళ్ళి, మధ్య కుర్చీలో కూర్చుని, బెల్టు కట్టుకుంది. ఆమె వెళ్ళాక మిగిలినవాళ్ళకి నిలబడటం సిగ్గనిపించింది.

బయల్దేరే రోజు విమానాశ్రయంలో, లైనులో నిలబడి ఉండగా, నిమియా ఉన్నట్టుండి గ్రిసెల్డాతో అంది.

"అక్కా, శిబిరం మొదటి వారంలోనే నేను ఇంటికి పోదామని పెట్టె సర్దేసుకున్నా. విమానమంటే భయం. ఎక్కలేనని న్యా సెవేకి చెప్పి, పాస్‌పోర్టు చేతిలో పెట్టేశా. ఎవరికీ చెప్పొద్దని ఏడ్చా."

"ఆవిడేమంది?"

"చెప్పనంది. చెప్పలేదుగా?"

గ్రిసెల్డా తల తిప్పి చూసింది. ఒక పిల్ల భయం బయటపడకుండా ఇరవై ముగ్గురిని ఎక్కించి దించిన మనిషి, కొంచెం అవతల, పెట్టెలు లెక్కపెడుతూ పోర్టరుతో దెబ్బలాడుతోంది.

"లేదు," అంది గ్రిసెల్డా. "మా మోకాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

లోపల నిమియా కిటికీ పక్కన కూర్చుని, బెల్టు కట్టుకుని, నిమ్మళంగా ఊపిరి తీసుకుంది. పక్క సీటులో న్యా సెవే కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో కుర్చీని పట్టుకుని ఉంది. పొరుగు దేశాలకి వెళ్ళినప్పుడల్లా సామాన్ల లారీలోనే పోయేదిట. ఆకాశం మొహం చూడటం ఆవిడకీ ఇదే మొదలు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

నిమియా ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఎక్కడిదాకా వచ్చాం పిల్లా?" కళ్ళు తెరవకుండానే అడిగింది న్యా సెవే.

నిమియా కిటికీలోంచి చూసింది. సామాన్ల బండి ఇంకా రెక్క కిందే నిలబడి ఉంది.

"సగం దూరం వచ్చేశాం," అంది.