మాస్కు దించి అడిగిన ప్రశ్న

కరోనా రెండోసారి సూరత్ మీద విరుచుకుపడ్డ వేసవిలో నేను పాఠాలు మాని ఇళ్లు తిరిగాను. నేను పనిచేసే తెలుగు బడి అప్పటికే మూతపడింది. టీచర్లకు సర్వే డ్యూటీ వేశారు. వేలికి తగిలించే ఆక్సిమీటరు, నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే పరికరం, ఒక రిజిస్టరు ఇచ్చారు. దగ్గుందా, జ్వరముందా, వాసన తెలుస్తోందా అని అడిగి గడుల్లో టిక్కు పెట్టాలి. అంతే పని.

మొదటి వారం ఆల్థాన్‌లో అపార్టుమెంట్లు చూశాను. ఇంట్లో ఒకరికి సోకితే వాళ్లకు వేరే గది, వేరే బాత్రూము. జాలీ తలుపు వెనకనుంచి అన్నీ వివరంగా చెప్పేవారు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక బాధ రాసుకున్నాను.

తర్వాత ఉన్ అనే పేట వైపు పంపారు. అక్కడ మా తెలంగాణ నుంచి వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లు ఉంటారు. నేను ఎక్కిన గదిలో పదిమంది. ఐదుగురు పగటి డ్యూటీకి పోతే రాత్రి డ్యూటీ చేసినవాళ్లు వాళ్ల పరుపుల మీదే పడుకుంటారు. ఒక కిటికీ ఉంది గానీ, అవతల రంగుల మిల్లు పొగకు తాళలేక దానికి అట్ట కొట్టేశారు. నాకంటే ముందు వచ్చిన మనిషి రిజిస్టరులో పది పేర్లకూ ‘లేదు’ అని రాసి పోయాడు. ఆ వీధంతా అంతే. కాగితం మీద చూస్తే ఊరు మొత్తానికి అంత ఆరోగ్యమైన చోటు ఇంకొకటి లేదు.

గదిలో అందరికంటే పెద్దాయన గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

“అందరు మంచిగున్నరు మేడం. రాస్కొని పో.”

ఆయన వెనక గోడకానుకుని ఒకతను అన్నం తింటున్నాడు. నలభై దాటి ఉంటాయి. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. దగ్గుందా అని అడిగాను. లేదన్నట్టు తల ఊపాడు. జ్వరం? లేదు. ఎందుకో అనుమానం వచ్చి, “అన్నం తిన్నవా?” అన్నాను. దానికీ లేదనే తల ఊపాడు, చేతిలో ముద్ద పట్టుకుని.

అతనికి నా మాట వినిపించడం లేదు. మా నాన్న కూడా జీవితమంతా సాంచాల దగ్గరే పనిచేశాడు. ఆ మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. అందరూ మాస్కులు కట్టాక ఏడాదిగా ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు. ఈ గదిలోనూ, ఈ వీధిలోనూ ఉన్నది అలాంటి మగవాళ్లే. మాస్కు వెనకనుంచి అడిగిన ప్రతి ప్రశ్నకూ తల అడ్డంగా ఊపి తప్పించుకున్నారు.

మాస్కు దించితే తప్ప అతనికి తెలియదు. ఇంట్లో ఆయాసంతో నాన్న ఉన్నాడు. గాలి తగిలేలా మెట్ల దగ్గరికి జరిగి, అతన్ని గడప దాకా రమ్మని సైగ చేసి, మాస్కు దించాను.

“అన్నా, దగ్గు ఎప్పటిసంది?”

అతను నా పెదవుల వంక కన్నార్పకుండా చూశాడు.

“చలికాలంల సురువైంది చెల్లె. నెత్తురు గూడ పడ్తంది.”

పెద్దాయన మొహం పాలిపోయింది. “ఏం మాట్లాడ్తున్నవ్‌రా! రూముకు తాళమేస్తరు. అందరం ఆగమైతం.” నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. “జర ఆ మాట రాయకు బిడ్డా.”

రాశాను. ‘ఉంది’ గడిలో టిక్కు పెట్టాను. ఆ సాయంత్రమే అతన్ని కరోనా పరీక్షకు తీసుకుపోయారు.

ఫలితం వచ్చేదాకా నేను నాన్న గదిలో అడుగు పెట్టలేదు. ఆయన గుమ్మంలోంచి, “ఏంది బిడ్డా, నా మీద గుస్సైనవా?” అని అడిగాడు. జవాబు పలక మీద రాసి చూపించాను.

మూడోరోజు పెద్దాయన ఫోన్ చేశాడు. “కరోనా లేదంట. ఇగ మా జోలికి రాకు.” నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఆ నెత్తురు మాట మనసులోంచి పోలేదు. మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని హెల్త్ సెంటరుకు పోయాను. వరస గేటు దాటి ఉంది. డాక్టరమ్మ కాగితం చూసి, “నెగెటివ్ హై నా? ఘర్ లే జావో,” అని ఇంటికి తీసుకుపొమ్మంది.

“నెలల తరబడి ఖాన్సీ హై మేడం. ఖూన్ భీ ఆతా హై,” అని దగ్గు సంగతీ నెత్తురు సంగతీ చెప్పాను. కంగారులో తెలుగూ హిందీ కలిసిపోయాయి.

ఆమె పెన్ను ఆగింది. అప్పుడు తలెత్తి అతని మెడ ఎముకలు చూసింది. తెమడ పరీక్షకు డబ్బా ఇచ్చింది. ఈ ఏడాది మాకు దగ్గంటే ఒక్క రోగమే గుర్తొస్తోంది అని హిందీలో గొణిగింది.

అది క్షయ. గదిలో అందరికీ పరీక్ష చేయాలన్నారు. నేను డబ్బాలు పట్టుకుని పోయేసరికి రెండు పరుపులు చుట్టి ఉన్నాయి. తమనూ పట్టుకుపోతారన్న భయంతో నలుగురు పొద్దున్నే ఊరి బస్సు ఎక్కేశారు.

“వాళ్లల్ల దగ్గేటోడు ఎవరన్న ఉన్నడా?” అని గట్టిగా అడిగాను.

పెద్దాయన నేల చూశాడు. “ఒకడున్నడు.”

అతనికి ఫోన్ చేస్తే, “ఎవలూ? ఏంది?” అని అరిచి పెట్టేశాడు. బస్సు రొదలో, ఆ చెవులకు, ఫోనులో ఏం వినిపిస్తుంది? పెద్దాయన ఫోనులోంచి వీడియో కాల్ చేసి, మళ్లీ మాస్కు దించి, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. “దిగంగనే సర్కారు దవాఖానకు పో. తెమడ పరీక్ష చేయించుకో.” కిటికీ పక్కన అతని మొహం అదురుతూ కనిపించింది. సరే అన్నట్టు తల ఊపాడు. అర్థమై ఊపాడో, తప్పించుకోవడానికి ఊపాడో నాకు తెలియలేదు.

గదిలో మిగిలినవాళ్లలో ఇంకొకరికి క్షయ బయటపడింది. ఇద్దరూ మందులు పూర్తిగా వాడారు. మొదటతను ఇప్పుడు సాంచా దగ్గరికి పోవడం లేదు, చీరలు మడత పెట్టే పనిలో కుదిరాడు. డాక్టరమ్మ ఆ వీధుల్లో ప్రశ్నలు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించమంది. చదువు రానివాళ్లను ఆరుబయట దూరంగా నిలబెట్టి, మాస్కు దించి అడిగేవాళ్లం. గడుల్లో ‘ఉంది’ అన్న టిక్కులు పెరుగుతూ పోయాయి. ఎక్కడ కిటికీలు మూసి ఉన్నాయో, ఎక్కడ ఒకే పరుపును ఇద్దరు పంచుకుంటున్నారో అక్కడే ఎక్కువ.

వానాకాలంలో ఒకరోజు పెద్దాయన మెట్ల మీద నన్ను ఆపాడు. బస్సెక్కినతను చనిపోయాడని చెప్పాడు. ఊళ్లో కరోనా అనుకుని ఎవరూ దగ్గరికి రాలేదట. దవాఖానకు పోయేసరికే ఆలస్యమైందట.

“నేను గప్పుడే జెప్తే బతుకుతుండెనా బిడ్డా?” అని అడిగాడు.

ఆయనకూ చెవులు అంతంతమాత్రమే. నేను మాస్కు దించలేదు. ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను.